పది రోజుల డాక్టరు మాట, నలభై ఎనిమిది రోజుల మొక్కు

నా గొంతు గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు. కానీ ఇప్పుడు ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళ పాటు, తిరుత్తణిలో పొద్దున బయలుదేరే కరెంటు రైల్లో, ముందు నుంచి మూడో పెట్టెలో, మా భజన గోష్టికి ముందుపాట నాదే. నేను ఒక వరుస ఎత్తుకుంటే పదిహేను మంది అందుకునేవాళ్ళు. అరక్కోణం దాటేసరికి పెట్టె మొత్తం చప్పట్లు కొట్టేది. నిద్రపోవాలనుకునేవాళ్ళు లేచి నాలుగో పెట్టెకు పోయేవాళ్ళు. దాన్ని కూడా నేను నా భక్తి ప్రభావం కిందే జమ కట్టుకునేవాణ్ణి.

మా తాతలు మగ్గం మీద బతికారు, మేము రైలు మీద బతుకుతున్నాం. గోష్టిలో ఒకాయన బ్యాంకులో గుమస్తా, ఇద్దరు ఫ్యాక్టరీలో పని, ఒకాయన కోర్టులో బంట్రోతు. నేను తిరువళ్ళూరులో, వీరరాఘవస్వామి గుడికి పోయే బజారులో, ఒక జవుళి కొట్టులో చీరలు చూపిస్తాను. ఎవరో మరమగ్గం మీద నేసిన చీరను మడత విప్పి, చేత్తో నేసినట్టే మాట్లాడటం నా పని. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, పాటలో ఏది ముందు నోటికొస్తే అది.

గోష్టికి ఒక తలైవరు ఉన్నాడు, అంటే అధ్యక్షుడు. కరెంటు ఆఫీసులో రిటైరైనవాడు. రైలెక్కాల్సిన అవసరం ఏమీ లేకపోయినా రోజూ ఎక్కి, తిరువళ్ళూరు దాకా వచ్చి, కాఫీ తాగి వెనక్కి పోతాడు. నాకు వరసకు బావ. ఇక రెండో గొంతు ఒకాయనది, నలభై ఏళ్ళవాడు, నన్ను మామా అంటాడు, చేతిలో తాళాలు ఉంటాయి. నేను ఎప్పుడు దగ్గుతానా అని పదేళ్ళుగా కాచుకుని కూర్చున్నాడని నా అనుమానం.

తిరుత్తణి కొండ మీద మురుగన్ స్వామి గుడిలో కూడా నాది ఇదే వరస. కృత్తిక నాడు లైన్లో వెనక నిలబడి, గర్భగుడి కనిపించగానే గొంతు ఎత్తేవాణ్ణి. స్వామికి చెవుడేమో అన్నంత గట్టిగా పాడేవాణ్ణి. అర్చకుడు వెనక్కి తిరిగి చూసేవాడు, జనం దారి ఇచ్చేవాళ్ళు, ఒక్కోసారి స్వామి మెడలోని దండ నా మెడలో పడేది. ఆ దండతో మెట్లు దిగుతుంటే ఎక్కేవాళ్ళు నాకు చేతులు జోడించేవాళ్ళు. నేను ఒక్కనాడూ వద్దనలేదు.

అట్లాంటి గొంతు బొంగురుపోయింది. మొదట జలుబన్నాను, తర్వాత రైల్లో దుమ్మన్నాను. గోష్టిలో ప్రతివాడూ వైద్యుడే కదా, ఒకడు మిరియాల కషాయం తాగమన్నాడు, ఒకడు అతిమధురం నమలమన్నాడు, తాళాల అల్లుడు మాత్రం "రెస్టు తీసుకో మామా, నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట విన్నాక రెండు నెలలు పంతానికి పాడాను. మూడో నెలలో పై స్వరానికి పోగానే గొంతు పుటుక్కున తెగి, గాలి మాత్రం బయటికొచ్చింది.

తిరువళ్ళూరులో చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి మా ఆవిడ లాక్కుపోయింది. ఆమె సన్నటి గొట్టం లోపలికి పెట్టి, టీవీలో నా గొంతు నాకే చూపించింది. ఊరంతా పొగిడిన గొంతు లోపల అంత అసహ్యంగా ఉంటుందని నేననుకోలేదు. ఒక పక్క చిన్న గడ్డ. "తీసేద్దాం, తీసింది పరీక్షకు పంపుదాం, ఏముందో చూద్దాం" అంది. క్యాన్సరు అన్న మాట ఆమె అనలేదు, నేను అడగలేదు, మా ఆవిడ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ముగ్గురికీ అదే మాట వినబడింది.

చెన్నైలో పెద్దాసుపత్రిలో మత్తిచ్చి గడ్డ తీశారు. పరీక్ష ఫలితం రావడానికి రెండు వారాలు పైనే పడుతుందన్నారు. అందాకా తెలియాల్సినవి రెండే: నేను బతుకుతానా, బతికితే పాడతానా. డాక్టరమ్మ ఇంకో మాట గట్టిగా చెప్పింది. పది రోజులు నోరు తెరవకూడదు, గుసగుస కూడా పనికిరాదు, పలక కొనుక్కోండి అని.

"పది దినాలా? ఇల్లు కొంచెం చల్లగా ఉంటుంది" అంది మా ఆవిడ. తర్వాత బస్టాండులో నాకు కనబడకుండా తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పొద్దున పలక సంచిలో పెట్టుకుని రైలెక్కాను. సెలవు పెట్టి ఇంట్లో ఉండొచ్చు కదా అంటారు. ఉంటే మూడో పెట్టెలో నా చోట ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. బండి కదిలింది, తాళాలు మోగాయి, అందరూ నా మొహం చూశారు. పలక తీశాను. మావాళ్ళంతా తెలుగు మాట్లాడతారు కానీ సగం మందికి తెలుగు చదవడం రాదు. అందుకని తమిళంలో రాశాను, ఒకే ఒక మాట: మౌనం.

గొంతు బాగాలేదు అని రాయొచ్చు. ఆపరేషన్ అయింది అని రాయొచ్చు. పలకలో చోటు చాలక కాదు. గడ్డ అన్న మాట బయటపడితే జాలి చూపులు మొదలవుతాయి, నా చోటు పోతుంది. మౌనం అని రాస్తే వాళ్ళు ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. తెలిసే రాశాను.

తలైవరు పలక చదివి లేచి నిలబడ్డాడు. "మురుగా! మౌన విరదమా బావా? చెప్పనే లేదే! ఎన్ని దినాలు?"

నేను పది వేళ్ళు చూపించాను.

"పదా? పది దినాలు ఎవురన్నా విరదం ఉంటారా? జొరానికి మాత్ర మింగినట్ల ఉంది. మండలం కదా బావా, నలభై ఎనిమిది?"

పెట్టె పెట్టె నన్నే చూస్తోంది. కిటికీ పక్క కూర్చున్న పూలమ్మే ఆవిడ అప్పుడే చేతులు జోడించేసింది. నా తల దానంతట అదే నిలువుగా ఊగింది. ఇరవై రెండేళ్ళుగా ఎదురుగా ఉన్నవాళ్ళు ఏం కోరితే అది పాడి పాడి అలవాటైన తల అది.

"అరోహరా!" అని పదిహేను మంది స్వామికి జేజేలు కొట్టారు. తాళాల అల్లుడు నా కాళ్ళకు దండం పెట్టి, లేస్తూ లేస్తూనే పాట ఎత్తుకున్నాడు.

మా వైపు విరదం, అంటే వ్రతం, ఉత్త మాట కాదు. పసుపు పంచె కట్టాలి, చెప్పులు మానాలి, గడ్డం పెంచాలి, నేల మీద పడుకోవాలి, ఇంట్లో ఉల్లిపాయ కూడా కోయకూడదు, చివరి రోజు కావడి ఎత్తుకుని మెట్లెక్కాలి. డాక్టరమ్మ చెప్పింది నోరు మూసుకోమని మాత్రమే. మిగతాదంతా నేను నెత్తికెత్తుకున్నదే. సాయంత్రం ఇంటికొచ్చి విషయమంతా పలక మీద రాసి చూపిస్తే, మా ఆవిడ పలక తుడిచి మళ్ళా రాయమంది. తను సరిగ్గా చదివిందో లేదో అనుమానం.

"ఏమయ్యా, నీకు బుద్ధి ఉండాదా? డాక్టరమ్మ చెప్పిన మాట ఎత్తుకొనిపొయ్యి స్వామి మింద వేసినావా? రిపోర్టు రావాల్సిన టయములో దేవునితో అబద్ధమా?"

నేను రేపే చెప్పేస్తానని రాశాను. రేపు చెప్పలేకపోయాను, ఎందుకంటే రేపటికి ఫ్లెక్సు వచ్చేసింది. తలైవరు చెల్లెలి మొగుడికి పక్క ఊరు కనకమ్మ సత్రంలో ఫ్లెక్సులు వేసే కొట్టుంది. తిరుత్తణి స్టేషను బయట ఒకటి, సత్రం కూడలిలో ఒకటి. పైన మురుగన్ స్వామి, చిన్నగా. నడుమ నేను, చేతులు జోడించి, పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి కత్తిరించిన నేను. నా కంటే పెద్దగా తలైవరు, కళ్ళద్దాలతో. కింద తపాలా బిళ్ళల్లాగా గోష్టి మొత్తం. "నలభై ఎనిమిది దినాల మహా మౌనం" అని పసుపు అక్షరాలు. నా నోరు ఇక ఎవరు తెరిపిస్తారు?

కొట్లో మా యజమాని మొదట గుండె పట్టుకున్నాడు. మాట్లాడని సేల్స్‌మన్‌ను ఏం చేసుకుంటాడు పాపం? కానీ నేను చీర విప్పి ఊరికే నిలబడితే జనం ఎప్పటికంటే తొందరగా కొనడం మొదలుపెట్టారు. "ఈయన పొగడటంలేదు, సరుకు మంచిదే అయ్యుంటుంది" అని ఒకావిడ తన కోడలితో తమిళంలో అంది. ఇరవై ఏళ్ళుగా నా మాటల వల్లే చీరలు అమ్ముడుపోతున్నాయని నేను నమ్ముకుని ఉన్నాను. ఆ ముచ్చట అట్లా తీరింది.

వారం తిరిగేసరికి ఇంటికి జనం రావడం మొదలైంది. మాట్లాడనివాడికి అన్నీ తెలుసని మనవాళ్ళకు ఒక నమ్మకం. ఒకాయన పళ్ళిపట్టు నుంచి వచ్చి, పాత కారు ఒకటి బేరానికొచ్చింది, కొనమంటారా వద్దంటారా స్వామీ అని ఎదురుగా కూర్చున్నాడు. ఆ క్షణాన నా చెవి మీద ఈగ వాలింది. తల విదిలించాను. ఆయన కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకు అరటిపళ్ళ గెలతో తిరిగొచ్చాడు. ఆ కారు మీద పోలీసు కేసుందట, కొన్నవాడు స్టేషను చుట్టూ తిరుగుతున్నాడట. నేను ఈగ బొమ్మ గీసి చూపిద్దామని పలక తీసేలోపు ఆయన సాష్టాంగపడ్డాడు. గెల చూసి మా ఆవిడ, "ఈగకి రెండు పండ్లు పెట్టు" అని లోపలికి పోయింది.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను కానీ, ఆ రోజుల్లో నాకు లోపల వణుకు. జనం కాళ్ళు మొక్కి వెళ్ళాక, ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యి గొంతు మీదికి పోయేది. మింగితే నొప్పి, మింగకపోతే భయం. మా నాయన చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఎట్లా ఉన్నాడో అదే కళ్ళ ముందు ఆడేది. ఆ భయాన్ని ఎవరికైనా చెప్పుకుందామంటే నోరు లేదు, రాద్దామంటే పలక మీద ఆ మాట రాయడానికి చెయ్యి రాదు.

అప్పుడు జరిగింది ఒక విషయం. జరిగింది అంటే కొత్తగా ఏమీ జరగలేదు, ఉన్నది కనబడింది. ఇరవై రెండేళ్ళుగా తెల్లవారక ముందు నేను బావి గట్టున నిలబడి గొంతు సాధన చేసేవాణ్ణి. వీధి మొత్తం నాతో పాటే లేచేది, లేవక ఏం చేస్తుంది. ఇప్పుడు సాధన లేదు. పళ్ళు తోముకుని ఏం చేయాలో తోచక ఇంట్లోకొస్తే, ముందుగదిలో మా ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా దీపం లేదు, గంట లేదు, పుస్తకం లేదు. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆమె కూర్చున్నది మా పాత మగ్గం గుంత పూడ్చి సిమెంటు వేసిన చోట.

ఆమెది అత్తిమంజేరిపేట, మగ్గాల ఇల్లు. నన్ను చేసుకున్నాక కూడా ఆ గుంతలో కాళ్ళు వేలాడదీసుకుని పద్దెనిమిదేళ్ళు నేసింది. మెడ నొప్పి, నడుము నొప్పి ఆ గుంతే ఇచ్చింది. నూలు ధర పెరిగి మగ్గం అమ్మేశాక గుంత పూడ్చాం కానీ, నొప్పిని పూడ్చే సిమెంటు దొరకలేదు. ఈమె రోజూ పొద్దున్నే ఇట్లా కూర్చుంటుందని నాకు తెలియదు. ఎప్పుడైనా చూసినా కునికిపాట్లు పడుతోందనుకుని, కాఫీ అని కేక వేసి ఉంటాను.

పోయి పక్కన కూర్చున్నాను. మొదటి రోజు నా బుర్ర సంతలాగా ఉంది. స్వామీ, రిపోర్టు మంచిది రానీ, వెండి వేలాయుధం చేయిస్తాను. వద్దులే, తల గుండు కొట్టించుకుంటాను. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తాను. కొట్లో గిరాకీతో ఎట్లా బేరమాడతానో సరిగ్గా అట్లాగే ఆడుతున్నాను, ఈసారి నేను అమ్మేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి. మూడు రోజులు ఇదే. నాలుగో రోజుకు ఇచ్చేందుకు నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు, బేరం అయిపోయింది. అప్పుడు అడుగునున్న భయం పైకొచ్చింది. ఏడుపు వచ్చింది. శబ్దం చేయకుండా ఏడవడం చాలా కష్టం, ప్రయత్నించి చూడండి. మా ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టింది. అంతే.

తర్వాత పలక మీద రాసి అడిగాను: రోజూ స్వామికి ఏం చెబుతావు?

"ఏం చెప్పేది? చెప్పేదానికి నువ్వుండావు కదా, వీధంతా ఇనపడేట్లు. నేను ఊరికే కూచుంటా. ఆయనుండాడు, నేనుండా. అంతే."

నొప్పి తగ్గుతుందా, అని రాశాను.

"తగ్గదు. అదీ పక్కన కూచుంటుంది" అని, లేచి పొయ్యి వెలిగించడానికి పోయింది.

నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళు గొంతు చించుకున్నది నేను, దండలు వేయించుకున్నది నేను. ఈమె గుట్టు చప్పుడు కాకుండా ఇంట్లో కూర్చుని నాకంటే ముందే పోయి ఆయన పక్కన కూర్చుందా?

పది రోజులు గడిచాయి. డాక్టరమ్మ పెట్టిన గడువు తీరింది కదా అని, ఇంట్లో బయటివాళ్ళెవరూ లేనప్పుడు నెమ్మదిగా "కాఫీ" అన్నాను. గాలి లాంటి మాట వచ్చింది. మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చింది.

"మండలం అని తల ఊపినావు కదా? ఊరికి మౌనము, ఇంట్లో మాటా? పొరపాటున మొక్కినా మొక్కు మొక్కే. ముయ్యి."

మూశాను. అప్పటినుంచి ఆ విరదం నిజమైంది. భయంతో అయిందో, పెళ్ళాం గరిటెతో అయిందో స్వామికే తెలియాలి.

పదహారో రోజు డాక్టరమ్మ దగ్గర నుంచి ఫోను. ఆ రోజు మా ఇద్దరికీ తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు ఎంత దూరమో మొదటిసారి తెలిసింది. డాక్టరమ్మ కవరు విప్పి చదివి, క్యాన్సరు కాదు అంది. మా ఆవిడ ఆమె టేబులు మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను నిలువునా కూలబడ్డాను, కుర్చీ ఉంది కాబట్టి సరిపోయింది. తర్వాత డాక్టరమ్మ నన్ను "ఆ" అనమంది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె పైకి చూసి, స్వామిని ఏదో అడిగినట్టు ఒక్క క్షణం ఆగి, సరే అన్నట్టు తల ఊపింది. "ఆ" అన్నాను. తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది.

మాట వస్తుంది, పరవాలేదు, అంది డాక్టరమ్మ. కానీ గడ్డ తీసిన చోట మచ్చ పడింది, పై స్వరాలు ఇక పలకవు, పాట మీద ఆశ పెట్టుకోవద్దు అంది. బతికినందుకు సంతోషించాల్సిన మనిషిని, ఇంటికొచ్చే దారి పొడుగునా పాట పోయిందని ఏడ్చాను. బస్సులో ఒకావిడ నా పసుపు పంచె, గడ్డం, కన్నీళ్ళు చూసి, భక్తి పరవశం అనుకుని దండం పెట్టింది. ఏడుపులో కూడా నాకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున ఆ సిమెంటు మీద కూర్చుని స్వామితో గొడవ పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు పాడించుకుని చివరికి ఇదా? కాలో చెయ్యో తీసుకోకూడదా? ఆ తాళాలవాడి గొంతుకు గడ్డ రాకూడదా? సిగ్గు విడిచి ఇది కూడా అన్నాను. ఒకరోజు కాదు, వారం పైన తిట్టాను, లోపల్లోపలే. బయట పసుపు పంచెతో మహానుభావుడు, లోపల బజారు జగడం. ఎంత తిట్టినా అటువైపు నుంచి బదులు లేదు, లేచి పోయిన అలికిడీ లేదు. తిట్టి తిట్టి అలిసిపోయాను.

అట్లా అలిసిపోయిన ఒక పొద్దున, ఏమీ అడగకుండా, ఏమీ తిట్టకుండా ఊరికే ఉన్నాను. పక్కింట్లో మరమగ్గం ఇంకా మొదలు కాలేదు. మా ఆవిడ ఊపిరి వినబడుతోంది. గొంతులో నొప్పి ఉంది, పాట పోయిన దిగులు ఉంది. అన్నీ ఉండగానే నాకు సంతోషం కలిగింది. ఎందుకని అడిగితే చెప్పలేను. నేను పాడకపోతే ఆయన నా వైపు చూడడేమో అన్న అనుమానం నాలో ఎప్పటినుంచో ఉన్నట్టుంది. లేకపోతే అంత అరుపు ఎందుకు? ఇప్పుడు అరవడం లేదు, అయినా ఆయన ఇక్కడే ఉన్నాడు. నేను దండ కోసం గొంతు చించుకున్నప్పుడు కూడా ఉండే ఉంటాడు పాపం, ఓర్చుకుని. ఒళ్ళంతా తేలికైపోయి, చిన్నప్పుడు జ్వరం తగ్గిన తెల్లారి అమ్మ పక్కన పడుకున్నట్టుంది.

ఆ సంతోషం కలిగిన రెండో నిమిషంలోనే దీన్ని గోష్టి వాట్సాప్ గ్రూపులో పెడితే ఎట్లా ఉంటుందని ఆలోచించాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఫోను తీశాను కూడా. మా ఆవిడ ఒక కన్ను తెరిచి చూసింది. పక్కన పెట్టేశాను.

నలభై ఎనిమిదో రోజు వచ్చింది. తలైవరు వదిలేస్తాడా? స్టేషను నుంచి కొండ దాకా మేళం, కొత్త ఫ్లెక్సు, అందులో ఆయన మొహం ఇంకొంచెం పెద్దది. భుజాన కావడి, కాళ్ళకు చెప్పుల్లేవు, నేను మెట్లెక్కుతున్నాను. పక్కన మా ఆవిడ నడుము పట్టుకుని ఎక్కుతోంది. సగం మెట్ల దగ్గర ఆమె కూర్చుండిపోతే నేనూ కావడి పక్కన పెట్టి కూర్చున్నాను. "స్వామివారు ఇక్కడ ధ్యానం చేస్తా ఉండారు, అందరూ ఓరం పోండి" అని తలైవరు జనాన్ని తోలాడు. మా ఆవిడకు నవ్వు ఆగలేదు.

పైన మండపంలో అసలు ఏర్పాటు చేసిపెట్టారు. మైకు. రెండు పెద్ద స్పీకర్లు. ఫోన్లు పైకెత్తి ముప్పై మంది. మౌనం విడిచి నేను మొదటి పాట పాడాలి, అది లైవులో పోవాలి. తాళాల అల్లుడు మైకు ఎత్తు సరిచేసి, "ఇంక నీ చోటు నీదే మామా" అని పక్కకు జరిగాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో దిగులు చూశాను. నాకు బాగా తెలిసిన దిగులే. వాడి మీద జాలి కలిగింది, నా మీద సిగ్గు కలిగింది.

మైకు ముందు నోరు తెరిచాను. నలభై ఎనిమిది రోజుల కిందటే చెప్పాల్సింది చెప్పాను. "నాది విరదం కాదు. గొంతులో గడ్డ వచ్చింది, డాక్టరమ్మ మాట్లాడొద్దనింది. నేను అబద్ధం చెప్పినాను. నన్ను మన్నించండి. నాకింక పాట రాదు."

ఆ గొంతు విని పైకెత్తిన ఫోన్లు కొన్ని కిందికి దిగాయి. కొట్టినా కొడతారనుకున్నాను. తలైవరు మైకు లాక్కున్నాడు.

"ఇన్నారా? ఇది కదా అడక్కం! మండలం విరదం ఉన్న మనిషి, నేనేం చెయ్యలా అంటా ఉండాడు! గొంతును కూడా స్వామికే కానుకగా ఇచ్చేసినాడు! అరోహరా!"

"అరోహరా!" అని మండపం అదిరిపోయింది. అడక్కం అంటే వినయం. నా జీవితంలో ఆ మాట నా పేరు పక్కన ఎవరైనా వాడటం అదే మొదటిసారి, అదీ తప్పు లెక్కన. నేను మళ్ళీ చెప్పబోయాను, మేళం మొదలుపెట్టేశారు. మెడలో రెండు దండలు పడ్డాయి. నిజం చెప్పినా నమ్మని చోట ఇంకేం చేయను? దండలు తీసి, ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టాను, ఇంకోటి తాళాల అల్లుడి మెడలో వేసి, మైకు తలైవరు దగ్గర తీసుకుని వాడి చేతికిచ్చాను. వాడు నా మొహంలోకి చూశాడు. ఆ మండపంలో నా మాట నిజమని నమ్మింది వాడొక్కడే అనుకుంటాను. కళ్ళు తుడుచుకుని పాట ఎత్తుకున్నాడు.

ఆదివారం గడిచి సోమవారం వచ్చింది. గడ్డం తీసి, చెప్పులేసుకుని రైలెక్కాను. తలుపు దగ్గర నా పాత చోటు ఖాళీగా ఉంచారు. నేను పోయి కిటికీ వైపు మూల, వంతపాట పాడేవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ మూల నుంచి పెట్టె ఎట్లా కనబడుతుందో నేను చూడలేదు. బండి కదిలింది, అల్లుడు ఎత్తుకున్నాడు. స్థాయి కొంచెం తక్కువ పెట్టాడు, రెండో వరుసలో తాళం జారింది, సరిదిద్దబోయి నాలుక కొరుక్కున్నాను. అందరూ అందుకున్నారు. నేనూ అందుకున్నాను. చక్రాల మోతలో, తాళాల మోతలో, నా పాట నాకే వినబడలేదు. గొంతులో కొంచెం కదలిక, పెదాలు ఆడటం, అంతే. కళ్ళు మూసుకున్నాను. ఆ పొద్దుటి సంతోషం వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

పాట ముగిశాక అల్లుడు జనం మీదుగా నా వైపు వంగాడు. "మామా, పెదాలాడతా ఉండాయి కానీ ఏమీ ఇనపడలా. కొంచెం గట్టిగా పాడు."

"నేను పాడేది నీకు కాదులేప్పా," అన్నాను, "నువ్వు పాడు."